మియా అయితే ముద్దు, మరియమ్మ అయితే మోటా?

సంపాదకులు గారికి నమస్కారం.

పోయిన ఆదివారం మీ అనుబంధంలో పుట్టబోయే ఆడపిల్లలకు పెట్టుకోదగ్గ పేర్లంటూ పేజీ నిండా వేశారు. అందులో మియా ఉంది, మలియా ఉంది, మారియా ఉంది, మరియం ఉంది, ఓ మూల మోలీ కూడా ఉంది. ఒక్కోదానికి ఒక్కో దేశం, ఒక్కో అర్థం రాశారు. సరే, బాగానే ఉంది. కానీ అదే పేజీ అడుగున చిన్న డబ్బా కట్టి, ఇప్పుడెవరూ పెట్టుకోని పేర్లు అని హెడ్డింగ్ పెట్టి, సుబ్బమ్మ, వెంకమ్మ, పుల్లమ్మల పక్కన మరియమ్మను కూడా కూర్చోబెట్టారు చూడండి, అక్కడ నాకు చిర్రెత్తుకొచ్చింది. పైన మీరు మెచ్చుకున్న అయిదు పేర్లూ, కింద డబ్బాలో పడేసిన మరియమ్మా ఒకటే పేరు సార్. ఒకే పేరును పైన ఫ్యాషన్ అనీ కింద పాత చింతకాయ పచ్చడి అనీ ఒకే పేజీలో అచ్చువేసిన ఘనత మీకే దక్కింది.

నా పేరు మరియమ్మ, కాబట్టి ఈ కోపంలో కొంత సొంత బాధ ఉందనుకున్నా నాకేం అభ్యంతరం లేదు. గుంటూరు జిల్లాలో హైస్కూళ్ళలో సోషల్ చెప్పి రిటైరయినదాన్ని. సుబ్బమ్మ, వెంకమ్మల సంగతి వాళ్ళ మనవరాళ్ళు ఎవరైనా రాస్తారేమో, రాయాలి కూడా. నేను నా పేరు సంగతి రాస్తాను.

ముందు మీ వ్యాసంలో తప్పులు చెప్పేస్తే ఓ పని అయిపోతుంది. మియా అంటే ఇటాలియన్‌లో "నాది" అని రాశారు. ఆ భాషలో ఆ మాట ఉన్నమాట నిజమే కానీ పేరు అక్కణ్ణుంచి పుట్టలేదు. స్వీడన్, డెన్మార్క్, జర్మనీ వైపు మారియా అని పేరున్న పిల్లల్ని ఇంట్లో మియా అని పిలుచుకునేవాళ్ళు, ఆ ముద్దుపేరే మెల్లగా రిజిస్టర్లోకి ఎక్కింది. మలియా హవాయి దీవుల పేరని రాసి అక్కడితో ఆపేశారు. హవాయి భాషలో ర అనే శబ్దమే లేదు, మిషనరీలు తెచ్చిన మారియాను వాళ్ళు నోరు తిరిగినట్టు పలికితే మలియా అయింది. ఒబామా హవాయిలో పుట్టిన మనిషి కదా, పెద్ద కూతురికి ఆ పేరు పెట్టుకున్నాడు. న్యూజిలాండ్ మావోరీలకు దీనికి సరిగ్గా తిరగేసిన ఇబ్బంది, వాళ్ళకు ర ఉంది, ల లేదు, వాళ్ళ నోట్లో మేరీ మెరె అయింది. ఇక మోలీ. ఇంగ్లిష్‌వాళ్ళకు పేరు మధ్యలో ర ఉంటే దాన్ని ల చేసి ముద్దు చేసే అలవాటు పాతది, సారా శాలీ అయింది, డొరతీ డాలీ అయింది, మేరీ మోలీ అయింది, ఆ మోలీ మళ్ళీ పోలీ కూడా అయింది. రష్యాలో మాషా, మరూస్యా. ఐర్లండ్‌లో మైరీన్, దాన్ని ఇంగ్లిష్ స్పెల్లింగులో రాస్తే మౌరీన్. వేల్స్‌లో మైర్, స్పెయిన్ ఉత్తరాన బాస్క్‌వాళ్ళ దగ్గర మిరెన్, తుర్కీలో మెర్యెమ్, డచ్‌వాళ్ళ దగ్గర మరైకె. ఈ లెక్కన రాసుకుంటూ పోతే మీ పేజీ చాలదు.

అన్నిటికన్నా పెద్ద తప్పు ఆ డబ్బాలో ఉంది. మరియమ్మ అనేది మారెమ్మ అనే గ్రామదేవత పేరుకు మరో రూపం అని ఒక్క ముక్కలో తేల్చేశారు. ఎవరో చెప్తే విని రాసినట్టుంది. మారెమ్మ మన ఊళ్ళల్లో మశూచి, కలరా రాకుండా కాపాడమని జాతర చేసి మొక్కుకున్న తల్లి, ఆమె పేరు ఈ నేల మీదే పుట్టింది. మరియమ్మ పేరు పడమటి సముద్రం అవతలి నుంచి వచ్చింది. రెండూ చెవికి దగ్గరగా వినబడతాయి, అంతే. అయితే జనం పూజల్లో ఈ ఇద్దరు తల్లులూ అంత దూరం దూరంగా ఏమీ లేరు, ఆ మాట నేనే ఒప్పుకుంటాను. ఫిబ్రవరి 9, 10, 11 తేదీల్లో విజయవాడ గుణదల కొండకు వెళ్ళి చూడండి, తలనీలాలు ఇచ్చేవాళ్ళు, కొబ్బరికాయలు కొట్టేవాళ్ళు, కాలినడకన వచ్చి కొండెక్కేవాళ్ళు, వాళ్ళలో సగంమందికి బొట్టు ఉంటుంది. 1924లో ఆర్లాటి అనే ఇటలీ ఫాదర్ అక్కడ మేరీమాత విగ్రహం పెట్టినప్పుడు ఇంత తిరునాళ్ళ అవుతుందని ఊహించి ఉండరు. మొక్కు తీరాక పుట్టిన పిల్లకు మేరీ అని పేరు పెట్టుకున్న హిందూ కుటుంబాలు నాకు తెలిసినవే ఉన్నాయి. పూజ కలిసింది కదా అని పేరు పుట్టుక కూడా కలిపేస్తే ఎలాగండీ.

పేరు పుట్టుక దగ్గరికే వస్తాను. ఈ పేరుతో మనకు తెలిసిన మొదటి ఆడమనిషి ఏసు తల్లి కాదు. ఆమెకు ఎన్నో వందల ఏళ్ళ ముందటి మిర్యాము, యూదుల ప్రవక్త మోషే అక్క. తెలుగు బైబిల్లో మిర్యాము అనే ఉంటుంది. ఐగుప్తు, అంటే ఈజిప్టు, రాజు మగపిల్లల్ని చంపమన్నప్పుడు తమ్ముణ్ణి జమ్ముపెట్టెలో పెట్టి నదిలో వదిలితే, ఏమవుతుందోనని గట్టు మీద దూరంగా నిలబడి చూసిన అక్క ఈమేనంటారు. తర్వాత సముద్రం దాటాక తంబుర పట్టుకుని ఆడవాళ్ళందరినీ వెంటబెట్టుకుని పాడింది కూడా ఈమే. పుట్టింది ఐగుప్తులో కాబట్టి పేరు కూడా అక్కడి భాషదే అయి ఉంటుందని చాలామంది పండితుల అభిప్రాయం. ఆ భాషలో మెరి అంటే ప్రియమైన అని, రామ్సెస్ అనే ఫారో కూతురి పేరు మెరితామున్, అంటే ఆమున్ దేవుడికి ప్రియమైనది. మోషే పేరూ ఐగుప్తుదే అంటారు కాబట్టి అక్క పేరూ అక్కడిదే అంటే కుదిరినట్టే ఉంటుంది. మీరేమో చేదు అని ఒకే అర్థం రాసి వదిలేశారు. అది మారా అనే హీబ్రూ మాటను బట్టి తర్వాతివాళ్ళు చెప్పుకున్న అర్థం. అదెందుకు అతుక్కుందో బైబిల్లో నిర్గమకాండం 15వ అధ్యాయం తీస్తే తెలుస్తుంది, మిర్యాము పాట అయిపోయిన రెండు వచనాలకే మారా అనే చోట చేదు నీళ్ళు తాగలేక జనం సణుక్కుంటారు. రెండూ పక్కపక్కనే ఉన్నాయి కాబట్టి ముడిపడ్డాయని నా ఉద్దేశం.

ఆ మిర్యాము గ్రీకులోకి వెళ్ళి మరియామ్ అయింది, చివరి అక్షరం రాలిపోయి మరియా అయింది. ఏసు కాలానికి యూదుల ఊళ్ళల్లో వీధికొక మరియ ఉండేదనుకోవచ్చు. హేరోదు రాజు పెళ్ళిచేసుకుని, తర్వాత అనుమానంతో చంపించిన రాకుమారి పేరు మరియమ్నే, ఆమె యూదులకు స్వాతంత్ర్యం తెచ్చిన రాజవంశం పిల్ల, ఆ వంశం మీద అభిమానంతోనే జనం కూతుళ్ళకు ఆ పేరు అంతగా పెట్టుకున్నారని చరిత్రకారులు చెబుతారు. సువార్తల్లో చూడండి, ఏసు తల్లి మరియ, మగ్దలేనే మరియ, బేతనియలో లాజరు తోబుట్టువు మరియ, యాకోబు తల్లి మరియ, క్లోపా భార్య మరియ. సండే స్కూల్లో పిల్లలు ఏ మరియ టీచర్ అని అడగడం, మేము ఊరి పేరో మొగుడి పేరో కొడుకు పేరో చెప్పి విడదీయడం మామూలే. మన ఊళ్ళల్లో చెరువు గట్టు మరియమ్మ, కంసాలి బజారు మరియమ్మ అన్నట్టే అక్కడా జరిగిందన్నమాట.

సముద్ర నక్షత్రం అనే అర్థం కూడా వేశారు. ఇది నాకు బాగా ఇష్టమైన కథ కాబట్టి కాస్త చెప్పనివ్వండి. బైబిల్‌ను లాటిన్‌లోకి తెచ్చిన జెరోమ్ ఈ పేరుకు ఇచ్చిన అర్థాల్లో ఒకటి సముద్రపు చుక్క, అంటే నీటిబొట్టు, లాటిన్‌లో స్టిల్లా మారిస్. చేత్తో ప్రతులు రాసే రోజులు కదా, ఎక్కడో ఎవరి కలమో ఒక అక్షరం మార్చేసింది, స్టిల్లా కాస్తా స్టెల్లా అయింది, స్టెల్లా అంటే నక్షత్రం. మన తెలుగులో అయితే తప్పు రాయాల్సిన అవసరం కూడా లేదు, చుక్క అంటే రెండూనూ. మొత్తానికి ఆ రాతపొరపాటే నిలబడిపోయింది. సముద్రం మీద దారి చూపే చుక్క అని నావికులు ఆ తల్లిని పట్టుకున్నారు, రేవు ఊళ్ళల్లో గుడులు కట్టారు, స్టెల్లా అనేది విడిగా ఆడపిల్లల పేరై కూర్చుంది. మన విజయవాడలో మేరిస్ స్టెల్లా కాలేజీ పేరు ఇదే. ఆ కాలేజీలో చదివిన పిల్లలెంతమంది మా ఇంటికి వచ్చారో, ఒక్కరికీ ఆ పేరు వెనక ఇంత కథ ఉందని తెలీదు.

ఇంకోవైపు మరియం. దీన్ని అరబ్బు పేరు అని ఒక్క ముక్కలో తేల్చారు. ఖురాన్‌లో 19వ సూరాకు, అంటే అధ్యాయానికి, ఏసు తల్లి పేరే పెట్టారు, ఆ గ్రంథం మొత్తంలో పేరుపెట్టి చెప్పిన ఆడమనిషి ఆమె ఒక్కతే. ముస్లింల ఇళ్ళల్లో ఆ పేరు అంత ఇష్టంగా పెట్టుకోవడానికి కారణం అదే. ఇరాన్‌లో మర్యం అనేది పువ్వు పేరు కూడా, మన పూలమార్కెట్లో లిల్లీ పూలని మూరల లెక్కన అమ్ముతారే, తెల్లగా కాడకు వరసగా పూసేవి, అవే. గణితంలో ఫీల్డ్స్ మెడల్ తీసుకున్న మొదటి మహిళ మర్యం మీర్జాఖానీ ఆ దేశపు పిల్లే, 2014లో వచ్చింది, 2017లో చిన్నవయసులోనే పోయింది పాపం. మన దేశంలోనైతే ఈ పేరు మొగలు అంతఃపురం దాకా వెళ్ళింది. అక్బరు తల్లి హమీదా బాను బిరుదు మరియం మకానీ. అక్బరు పెళ్ళాడిన ఆంబేరు రాజపుత్రుల ఆడపడుచు, జహంగీరు తల్లి, ఆమెకిచ్చిన బిరుదు మరియముజ్జమానీ, అంటే ఆ కాలపు మరియ అని. రాజపుత్ర ఆడపడుచుకు ముస్లిం పాదుషా ఇచ్చిన బిరుదులో యూదుల పేరు. సోషల్ టీచరుగా ఈ ఒక్క వాక్యం మీద నేను పీరియడ్ మొత్తం నడిపించేదాన్ని.

ఇథియోపియాలో అయితే మగవాళ్ళకు కూడా ఈ పేరు కలుపుతారు, హైలే మరియం అంటే మరియ బలం. ఆ దేశాన్ని ఏలిన మెంగిస్తు పూర్తి పేరు మెంగిస్తు హైలే మరియం. యూరప్‌లోనూ మగవాళ్ళ పేర్ల మధ్యలో మారియా దూరుతుంది, జర్మన్ భాషలో రాసిన కవి రిల్కే పుస్తకాల మీద ఉండే పేరు రైనర్ మారియా రిల్కే. స్పెయిన్‌లో మరీ తమాషా, హోసే మరియా అంటే మగవాడు, మరియా హోసే అంటే ఆడమనిషి.

అందరూ ఇలా ఎగబడి పెట్టుకున్నారనుకోకండి. భయపడి పెట్టుకోనివాళ్ళూ ఉన్నారు. పోలండ్‌లో ఒకప్పుడు మారియా అంటే దేవుని తల్లి ఒక్కతే, మామూలు మనిషికి ఆ పేరు పెట్టడం అపచారం. 1646లో వాళ్ళ రాజు పెళ్ళాడిన ఫ్రెంచి రాకుమారి మరీ లూయిజ్, ఆమె వచ్చేసరికి ఆ పేరు తిరగేసి లుద్వికా మారియా చేశారు. తర్వాత ఆ పట్టింపు సడలింది, లేకపోతే 1867లో వార్సాలో పుట్టిన పిల్లకు మారియా అని పెట్టేవాళ్ళే కాదు. ఇంట్లో మాన్యా అని పిలిచిన ఆ పిల్లే పారిస్ వెళ్ళి మేరీ క్యూరీ అయింది. ఐర్లండ్‌వాళ్ళు మధ్యేమార్గం కనిపెట్టారు, దేవుని తల్లికి ముయిర అని ఒక రూపం ఉంచేసి, తమ పిల్లలకు మొయిర అని కాస్త తేడాగా పెట్టుకున్నారు. మగపిల్లలకు ముయిర సేవకుడు అనే అర్థంలో గిల్ల ముయిర అనేవాళ్ళు, అదే నలిగి నలిగి గిల్‌మోర్ అనే ఇంటిపేరయింది. ఇప్పుడు చెప్పండి, గిల్‌మోర్‌కూ మా పెదనాన్న మరియదాసుకూ ఏమిటి తేడా?

స్పెయిన్‌వాళ్ళ పద్ధతి ఇంకా విచిత్రం, మనవాళ్ళకు దగ్గర కూడా. అక్కడ ఆ తల్లికున్న బిరుదులన్నీ ఆడపిల్లల పేర్లయ్యాయి. వ్యాకుల మాత మరియా అని పెట్టి, మరియా వదిలేసి, వ్యాకులాలు అనే అర్థమొచ్చే దొలోరెస్ అని పిలుస్తారు. జపమాల మాత నుంచి రొసారియో, నిష్కళంక జన్మం నుంచి కొన్సెప్సియోన్, ఆరోగ్య మాత నుంచి సలూద్, కార్మెల్ కొండ మాత నుంచి కార్మెన్, సరగోసా ఊళ్ళో స్తంభం మీది మాత నుంచి పిలార్. కరుణల మాత నుంచి మెర్సెదెస్. ఆస్ట్రియా వ్యాపారి ఎమిల్ యెల్లినెక్ తన కూతురు మెర్సెదెస్ పేరు 1901లో డైమ్లర్ కంపెనీ కారుకు పెట్టించాడు, అదే ఇవాళ్టి మెర్సిడెస్. కాబట్టి హైదరాబాద్‌లో ఆ కారు నుంచి దిగే పెద్దమనుషులు కూడా ఒకరకంగా మరియమ్మ బండి దిగుతున్నట్టే.

ఇప్పుడు ఫిరంగిపురం వైపు ఏ పాత క్యాథలిక్ ఊరికైనా వెళ్ళి గుడి దగ్గర జ్ఞానస్నానాల రిజిస్టరు చూడండి. జపమాల ఉంటుంది, అమలోద్భవి ఉంటుంది, ఆరోగ్యమ్మ ఉంటుంది, లూర్దమ్మ ఉంటుంది, వేళాంగణి ఉంటుంది. జపమాల అంటే ఆ రొసారియోనే, అమలోద్భవి అంటే ఆ కొన్సెప్సియోనే, ఆరోగ్యమ్మ అంటే ఆ సలూదే. స్పెయిన్ ముఖం చూడని మన తాతలు, నాయనమ్మలు అచ్చంగా అదే పని చేశారు, పైగా స్పెయిన్‌వాళ్ళ కంటే మనవాళ్ళు పెట్టినవే వినడానికి బాగుంటాయి, నన్నడిగితే. అమలోద్భవి అని ఒక్కసారి పైకి అనండి. ఈ పేర్లు ఒక్కటైనా మీ పేర్ల పేజీలో ఎప్పుడైనా వచ్చిందా? రొసారియో అని పెడితే మాత్రం స్పానిష్ అందం అని రాస్తారు. మా తరగతిలో ఒకే ఏడు ఫాతిమా అనే పిల్లా మరియం అనే పిల్లా ఒకే బెంచీలో కూర్చునేవాళ్ళు. కొత్తగా వచ్చిన మాస్టారు ఒకాయన పేర్లు చూసి ఉర్దూ మీడియం అనుకుని ఇద్దరినీ పక్క గదికి పంపబోయాడు. ఫాతిమా క్యాథలిక్ పిల్ల, పోర్చుగల్‌లో 1917లో మాత దర్శనమిచ్చిందని చెప్పే ఊరి పేరు అది, కాజీపేటలో ఫాతిమానగర్ కూడా దాని మీదే వచ్చింది. మరియం ముస్లిం పిల్ల. ఏసు తల్లి పేరు ముస్లింల ఇంటికి, మహమ్మద్ ప్రవక్త కూతురి పేరు క్యాథలిక్‌ల ఇంటికి వెళ్ళాయన్నమాట. ఆ పిల్లలకు మాత్రం ఏ కన్‌ఫ్యూజనూ లేదు, ఒకే డబ్బాలో అన్నం తినేవాళ్ళు.

మరియమ్మలో "అమ్మ" ఉంది కాబట్టే పాత పేరులా వినబడుతోందని మీ వ్యాసకర్త రాశారు. క్యాథలిక్ ఇళ్ళల్లో సాయంత్రం చదివే మంగళవార్త జపం ఒకసారి వినమనండి. "దేవవరప్రసాదముచేత నిండిన మరియమ్మా, వందనము" అని మొదలవుతుంది. ప్రొటెస్టెంట్ల బైబిల్లో మరియ అని ఊరుకున్నారు గానీ, మనవాళ్ళ నోరు ఊరుకోలేదు, తల్లిని పట్టుకుని ఉత్త పేరుతో పిలవడం మనకు రాదు కదా. గ్రీకువాళ్ళు చివరి మ తీసేస్తే మనవాళ్ళు రెండింతలు చేసి తిరిగి పెట్టారని నేను సరదాగా అంటుంటాను.

ఇక ఈ పేరు ఎవరూ పెట్టుకోవడం లేదన్నారే, దాని గురించి. ఫ్యాషన్ మారింది, నిజమే. అమెరికాలోనే 1880 నుంచి 1946 దాకా ప్రతి ఏడూ ఆడపిల్లల పేర్లలో మేరీదే మొదటి స్థానం, 1947లో లిండా వచ్చి దింపింది, 1953 నుంచి 1961 దాకా మళ్ళీ మేరీయే, ఆ తర్వాత ఇంక లేవలేదు, ఇప్పుడు మొదటి నూటిలో కూడా లేదు. అక్కడ అది మోజు తీరడం. మన దగ్గర ఇంకో కారణం ఉంది, అది మీ వ్యాసంలో ఒక్క అక్షరం లేదు. అడ్మిషన్ల రోజుల్లో ఆ టేబుల్ దగ్గర కూర్చుంటే తెలుస్తుంది. తండ్రి పిల్లను ముందుకు నెట్టి నిలబెడతాడు. పాప పేరేంటమ్మా అంటే పిల్ల గబుక్కున మరియమ్మ అంటుంది. తండ్రి దాని భుజం నొక్కి, కాదు మేడం, మాధవి అని రాయండి అంటాడు. పిల్ల తలెత్తి తండ్రి మొహం చూస్తుంది. నేను పెన్ను పట్టుకుని ఆగుతాను. ఆయన నా వైపు చూడకుండా, రేపు సర్టిఫికెట్టుకు ఇబ్బందవుద్ది మేడం అని నెమ్మదిగా అంటాడు. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు వల్ల ఎస్సీ హోదా మొదట హిందువులకే, తర్వాత సిక్కులకు, బౌద్ధులకు వచ్చింది, క్రైస్తవులకు లేదు, మన దగ్గర ఎస్సీల నుంచి క్రైస్తవంలోకి వెళ్ళినవాళ్ళు బీసీ సి కిందికి వస్తారు. పల్లెలో ఎవరి ఇల్లు ఎక్కడుందో, ఎవరితో ఎవరు ఎలా ఉంటారో మతం మారినంత మాత్రాన మారదు, కాగితం మీద మాత్రం మారిపోతుంది. అందుకని పేరే మార్చుకుంటారు. దాని మీద ఎవరి వాదన వాళ్ళకుంది, నాకూ ఉంది, ఈ ఉత్తరంలో అది పెట్టను. కానీ ఇంట్లో మరియమ్మ, రిజిస్టర్లో మాధవి అయిన పిల్లలను నేను చాలామందిని చూశాను, వాళ్ళలో ఎవరికీ ఆ పేరు మోటుగా ఉందనిపించి మార్చుకోలేదు. మీరు డబ్బా కట్టి నవ్విన పేరు కొన్ని ఇళ్ళల్లో దాచుకుని పిలుచుకుంటున్న పేరు, అది తెలుసుకుని రాయండి.

పేరు మార్చుకోకుండా నిలబెట్టుకున్నవాళ్ళ అవస్థ వేరే. మా బంధువుల్లో ఒకావిడ గోదావరి జిల్లా నుంచి ఇంటిపనికి కువైట్ వెళ్ళింది, ఆ వైపు నుంచీ కడప వైపు నుంచీ చాలామంది ఆడవాళ్ళు వెళ్తారు కదా. రేషన్ కార్డులో మరియమ్మ, పదో తరగతి మార్కుల లిస్టులో మేరీ, ఆధార్‌లో మరియ. ముగ్గురూ ఒకరే అని అఫిడవిట్లు రాయించుకుంటూ ఆవిడ ఆఫీసుల చుట్టూ చెప్పులరిగేలా తిరిగింది, కౌంటర్లో కుర్రాడు అసలు పేరేదో తేల్చుకుని రా అన్నాడట. చివరికి పాస్‌పోర్ట్ వచ్చింది, వెళ్ళింది. అక్కడి ఇంటావిడ కాగితం చూసి ఒక్క క్షణం కూడా తడుముకోకుండా "మర్యం" అని పిలిచిందట. వాళ్ళత్తగారి పేరు కూడా అదేనట, అందుకని కోడలికి ఈమెను గట్టిగా కేకలేయడానికి మొహమాటంగా ఉండేదని చెప్పి ఫోన్‌లో తెగ నవ్వింది. మన ఆఫీసులో మూడు పేర్లు ముగ్గురు మనుషులైతే, అక్కడ భాష తెలియని ఇంట్లో ఒకే పేరని ఇట్టే గుర్తుపట్టారు.

అందుకని నేను కోరేది ఏమిటంటే, మారెమ్మ గురించి రాసిన వాక్యానికి సవరణ వేయండి, అది తప్పనిసరి. మియా, మలియా, మోలీ, మారియా, మరియంలను ఒకే గొడుగు కిందికి తెచ్చి మళ్ళీ వేయండి, అందులో మరియమ్మను, వీలైతే అమలోద్భవిని, జపమాలను కూడా చేర్చండి. వచ్చే వారం ఎలిజబెత్ మీద వేస్తామని ప్రకటించారు కాబట్టి ముందే చెబుతున్నాను, ఇసబెల్లా, ఎల్సా, లీసా, బెట్టీ అన్నీ ఆ పేరు పిల్లలే, వాటికి వేరువేరు దేశాలు, వేరువేరు అర్థాలు రాసి ఎలీసమ్మను తీసుకెళ్ళి అడుగున డబ్బాలో వేయకండి. వేస్తే మళ్ళీ ఉత్తరం రాస్తాను, నాకు రిటైరయ్యాక బోలెడంత తీరిక.

ఇట్లు,
మరియమ్మ,
రిటైర్డ్ టీచర్, గుంటూరు.